గడ్డకట్టిన పులుసు

చేపల పులుసు వండిన పూటకంటె మర్నాడే రుచి అని మన నెల్లూరివారు అంటారు. చింతపండు, మామిడికాయల పులుపు ముక్కకు పట్టాలి గదా! అయితే ఆ పులుసునే నెలరోజులు దాచాలంటే ఎలాగ?

మైపాడు తీరాన చేపకు ఐసు కప్పుతారు. ఐసు చలి 0 డిగ్రీలు. అది కొద్దిరోజులే కాపాడుతుంది. ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. ఆ చలికి కూడా సూక్ష్మజీవులన్నీ చావవు, నిద్రపోతాయంతే. కరిగితే మళ్ళీ లేస్తాయి.

1912–15 ప్రాంతాల, ఇప్పటి కెనడాలోని లాబ్రడారులో క్లారెన్స్ బర్డ్‌స్ఐ అనే అమెరికావాడు ఒక వింత చూశాడు. నీళ్ళలోనుంచి తీసిన చేప అక్కడి చలిగాలికి చూస్తూండగానే కొయ్యలా బిగుసుకుపోయేది. నెలల తరవాత వండినా తాజాగానే ఉండేది! నెమ్మదిగా గడ్డకడితే ముక్కలోని నీరు పెద్దపెద్ద మంచుసూదులై కండను చీలుస్తుంది. త్వరగా గడ్డకడితే సన్నని పలుకులే అవుతాయి.

అందుకే పులుసును పెద్ద గిన్నెతో పెట్టరాదు. చల్లార్చి, రెండు గంటలు మించకుండా చిన్నచిన్న డబ్బాలలో పోసి పెట్టాలి. నిండా పోస్తే మూత లేస్తుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది మరి. తినబోయే ముందురోజు ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, తెర్లేదాకా కాచాలి. పెరుగుపచ్చడి మాత్రం పెట్టకండి, విరిగిపోతుంది.

తుపాను వస్తే కరెంటు పోతుంది. ఫ్రీజరు నిండుగా ఉండి, తలుపు తీయకుంటే చలి సుమారు 48 గంటలు నిలుస్తుంది. మీరు ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయివస్తే? ముందే ఒక డబ్బాలో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజరులో ఉంచండి. తిరిగివచ్చేసరికి బిళ్ళ అడుక్కు చేరిందా, అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. అమ్మ ఎంత కష్టపడి వండినదైనా సరే, ఆ పులుసు పారబోయవలసిందే.