శస్త్రచికిత్సకు ముందు, తర్వాత: రోగి త్వరగా కోలుకోవడానికి తోడ్పడే సంరక్షణ

ఆపరేషన్ బాగా జరిగితే రోగి కోలుకున్నట్లేనని చాలామంది భావిస్తారు. నిజానికి కోలుకోవడం సర్జన్ నైపుణ్యంతో పాటు, ఆపరేషన్‌కు ముందు, ఆ సమయంలో, తర్వాత అందే సంరక్షణపై కూడా ఆధారపడి ఉంటుంది. ఈ సంరక్షణలో వచ్చిన మార్పులను, వాటికి గల కారణాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

5.3.1 దృక్పథంలో మార్పు

పూర్వం పెద్ద ఆపరేషన్ తర్వాత రోగిని రోజుల తరబడి మంచం మీదే ఉంచేవారు. పేగు ఆపరేషన్ అయితే, పేగులు కదిలే సూచన కనిపించేదాకా నోటి ద్వారా ఏమీ ఇచ్చేవారు కాదు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ ఆనవాయితీని ప్రశ్నించాడు. ఆపరేషన్ కూడా శరీరానికి ఒక గాయమే. దానికి ప్రతిస్పందనగా ఒత్తిడి హార్మోన్లు, రక్తంలో చక్కెర పెరుగుతాయి, కండరాలు క్షీణిస్తాయి. దీర్ఘ ఉపవాసం, నొప్పి, చలి, కదలకపోవడం ఈ నష్టాన్ని మరింత పెంచుతాయి. వీటన్నింటినీ కలిపి తగ్గిస్తే రోగి త్వరగా కోలుకుంటాడని కెలెట్ చూపాడు. ఈ పద్ధతే నేడు ‘ఈరాస్’ పేరుతో అనేక దేశాల్లో అమలులో ఉంది.

5.3.2 ఆపరేషన్‌కు ముందు

రక్తహీనత, మధుమేహం ఉంటే ముందుగానే చికిత్స చేయాలి. కనీసం 4 వారాల ముందు పొగతాగడం మానితే ఊపిరితిత్తుల సమస్యలు, గాయం మానడంలో ఆలస్యం తగ్గుతాయి.

మత్తులో ఉన్నప్పుడు దగ్గు రాదు. కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయం. ఉపవాసం అందుకే. అయితే అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా మానాల్సిన అవసరం చాలామందికి లేదు. తేలికపాటి ఆహారం, పాలు, పాలు కలిపిన టీ 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. గర్భిణులకు, పేగు అడ్డుపడినవారికి, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యేవారికి నియమాలు వేరు. కాబట్టి మత్తు వైద్యుని సూచనే తుది నిర్ణయం.

5.3.3 ఆపరేషన్ సమయంలో

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల భద్రతా పట్టికను విడుదల చేసింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ దాటే ముందు బృందం ఆగి, రోగి పేరు, ఆపరేషన్ చేసే చోటు, యాంటీబయాటిక్, పరికరాల లెక్క వంటివి పైకి చదివి సరిచూసుకోవాలి. న్యూఢిల్లీతో సహా 8 నగరాల్లో పరిశీలించినప్పుడు, పట్టిక వాడాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

5.3.4 ఆపరేషన్ తర్వాత

వైద్యుడు అనుమతించిన వెంటనే, వీలైతే అదే రోజు, రోగిని కూర్చోబెట్టి నడిపించాలి. దీనివల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టడం, న్యుమోనియా తగ్గుతాయి. నొప్పి ఉంటే రోగి నడవలేడు, గట్టిగా ఊపిరి పీల్చలేడు. కనుక నొప్పిని భరించమనడం సరికాదు.

మన ఇళ్లలో ‘పప్పు తింటే చీము పడుతుంది’ అని పథ్యం పెడతారు. చీముకు కారణం సూక్ష్మజీవులు, పప్పు కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. వైద్యుడు వద్దనకపోతే పప్పు, పెరుగు, గుడ్డు పెట్టవచ్చు. జ్వరం, గాయం నుంచి చీము, పిక్క వాపు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఉపవాసంలో పాలకు, మంచినీళ్లకు వేర్వేరు గడువులు ఎందుకు?
2. మీ బంధువుకు ఆపరేషన్ జరిగిందనుకోండి. ఇంట్లో వారు పాటించమనే ఏ రెండు పథ్యాలను వైద్యుడిని అడిగి నిర్ధారించుకుంటారు? కారణాలు రాయండి.