మీకు తెలుసా? పోర్ట్ లూయీ బజారు రుచులు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ జనాభా సుమారు లక్షన్నరే. ఇంత చిన్న ఊళ్లో జనమంతా కలిసే చోటు రేవు దగ్గరి సెంట్రల్ మార్కెట్.

అక్కడికి వెళ్లినవాళ్లు ధోల్ పూరీ తినకుండా రాకూడదు. ఉడికించి మెత్తగా పొడి చేసిన పప్పును పిండిలో పెట్టి, పల్చగా ఒత్తి కాలుస్తారు. చూడటానికి బొబ్బట్టే, తీపి మాత్రం ఉండదు. రెండేసి చొప్పున, చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, మిరప పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. ఎండకు తోడుగా అలూదా: చల్లటి పాలు, సబ్జా గింజలు, అగర్ జెల్లీ.

కాస్త నడిస్తే ఆప్రవాసీ ఘాట్. భారతీయ ఒప్పంద కూలీలు ఓడ దిగి మెట్లెక్కిన ఈ చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచీ తెలుగువాళ్లు ఈ దీవికి తరలివెళ్లారు. ఉగాది అక్కడ నేటికీ ప్రభుత్వ సెలవుదినం!