నోటిపూత ప్రతిసారీ వేడి వల్ల రాదు

నోరు పూస్తే ‘వేడి చేసింది’ అనుకొని మజ్జిగ త్రాగడం, బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకోవడం మన ఇళ్లలో పరిపాటి. సాధారణమైన పుండ్లు వారం పది రోజులలో వాటంతట అవే మానుతాయి కనుక ఆ నమ్మకం నిలిచిపోయింది. రెండు వారాలు దాటినా మానని పుండును, తగ్గినట్లే తగ్గి మరల వచ్చే తెల్లపూతను ఆ లెక్కలో వేయరాదు.

కాండిడా అనే శిలీంధ్రం ఆరోగ్యవంతులలో చాలామంది నోటిలో ఉంటుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు అది పెరిగి నాలుకపై, అంగిట, బుగ్గల లోపల విరిగిన పాల వంటి పొరగా పేరుకొంటుంది. తుడిస్తే పొర ఊడివచ్చి క్రింద ఎర్రగా కనబడుతుంది. పసిపిల్లలలో, కట్టుడు పళ్లవారిలో ఇది తరచు చూసేదే. తక్కిన పెద్దలలో కనబడితే అదుపు తప్పిన మధుమేహం, క్యాన్సర్ చికిత్స, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు, హెచ్‌ఐవి వంటి కారణాలను వెదకాలి. 1981 జూన్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య వారపత్రిక ఎయిడ్స్‌ను, ఆ పేరింకా పుట్టకముందే, తొలిసారి వర్ణించినప్పుడు అందులోని అయిదుగురు రోగులకూ కాండిడా సోకి ఉంది. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు పీల్చిన ప్రతిసారి నీటితో పుక్కిలించి ఉమ్మివేస్తే ఈ పూతను చాలావరకు నివారించవచ్చు.

తుడిచినా పోని తెలుపు వేరు. నాలుక అంచున గీతలుగా వచ్చేది ఒక వైరస్ వల్ల కావచ్చు. గుట్కా, ఖైనీల వల్లను, ఉత్తర కోస్తాలో నిప్పును నోటిలోపలికి పెట్టి కాల్చే అడ్డచుట్ట వల్లను మచ్చలు వస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారవచ్చు. ఏది ఏదో వైద్యుడే తేల్చాలి. మింగేటప్పుడు నొప్పి ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. పూత అన్నవాహికకు పాకి ఉండవచ్చు.

టికిరి పరిసరాలకు పనికి వచ్చినవారికి ఆరోగ్యకేంద్రంలో ఒడియా ఎదురవుతుంది. ‘పాటిరే ఘా’ అంటే నోటిలో పుండు అని అర్థం. (మన ‘ఏపాటి’లోని పాటికి దీనితో పోలిక లేదు.) పూతమందు తీసుకొని తిరిగిరాక, రక్తంలో చక్కెరతోపాటు హెచ్‌ఐవి పరీక్ష కూడా చేయమని అడగండి. ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రాలలో హెచ్‌ఐవి పరీక్ష ఉచితం. 2017 నాటి చట్టం ప్రకారం మీ సమ్మతి లేనిదే ఆ పరీక్ష చేయరాదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. ఉద్యోగంలో వివక్షను కూడా ఆ చట్టం నిషేధించింది. సందేహాలకు 1097 ఉచిత ఫోన్ నంబరు. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇప్పటికే ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారు, ఇక్కడ మందు ఆగకుండా అందేందుకు, బయలుదేరే ముందే తమ కేంద్రం నుండి బదిలీ పత్రం తీసుకోవాలి.