లాగి విడుచు వర్గీకరణ ప్రశ్నలు: ఆన్‌లైన్ తెలుగు పాఠములలో వాని రచనా విధానము

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు; బడిలో కన్నడమో, తమిళమో, ఒడియయో, మరాఠీయో చదువుదురు. వారి తెలుగు చెవి ద్వారా వచ్చినది. అట్టివారికై నేడు మన సంఘములు ఆన్‌లైన్ పాఠములను కూర్చుకొనుట సుకరమైనది. ఆ పాఠములకు మిక్కిలి ఉపకరించు ప్రశ్నారూపములలో ‘లాగి విడుచు’ వర్గీకరణ ప్రశ్న యొకటి. దాని స్వరూపమును, రచనావిధానమును వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

తెరపై కొన్ని మాటలు చెదరియుండును. క్రింద రెండు మూడు పెట్టెలుండును. విద్యార్థి ప్రతి మాటను వ్రేలితోగాని, మౌసుతోగాని లాగి తగిన పెట్టెలో విడువవలెను. నిర్వచనమును వల్లించుట వేరు, ఎదుట నున్న మాటను దాని జాతిలో చేర్చుట వేరు. ఈ రెండవ శక్తినే ఈ ప్రశ్న పరీక్షించును.

దీనిని కూర్చుటకు ఉచిత సాధనములు కలవు. 2002లో వెలువడిన మూడిల్ అనునది ఒకటి. నార్వేలో పుట్టిన హెచ్‌ఫైవ్‌పీ మరియొకటి. మూడిల్‌లో వాక్యములందు ఖాళీలనుంచి, వర్గనామములనే లాగదగిన ముక్కలుగా నీయవచ్చును. ఒకే వర్గనామము పలుమార్లు కావలసియుండును గావున దానిని ‘అపరిమితము’గా గుర్తింపవలెను. హెచ్‌ఫైవ్‌పీలో పెట్టెలను గీచి, ఏ మాట ఏ పెట్టెకు సరియైనదో తెలుపవలెను. ప్రతి పెట్టెకును సూచనను, తప్పొప్పుల సందేశమును చేర్చవచ్చును.

ఒక ఉదాహరణము. తత్సమము, తద్భవము, దేశ్యము అని మూడు పెట్టెలు. విద్య, నది, వనము, పుస్తకము, మిత్రుడు తత్సమములు. జాతర, సింగము, పయనము తద్భవములు. ఊరు, ఇల్లు, పాలు, పులి దేశ్యములు. మొత్తము 12 మాటలు. పెట్టెకు నాలుగేసి చొప్పున సమానముగా నుంచినచో, కడపటి మాటలు ఆలోచన లేకయే మిగిలిన చోట పడును. అందుచేతనే 5, 3, 4గా నుంచితిమి. మూడు పెట్టెలున్నప్పుడు గ్రుడ్డిగా విడిచినను సగటున 12లో 4 సరిపడునని ఉపాధ్యాయుడు మరువరాదు.

సందేశములందు పిల్లవాని పరిసరభాషను వాడుకొనుట మేలు. కన్నడ బడిలో చదువువానికి ‘పాలు, పులి కన్నడమున హాలు, హులి యగును’ అని చెప్పిన, దేశ్యము ద్రావిడకుటుంబపు సొత్తని తనంత తానే గ్రహించును. మహారాష్ట్రమున నున్నవానికి ‘యాత్ర మరాఠీలో జత్రా, తెలుగులో జాతర’ అనిన చాలును.

మాటలను బొమ్మలుగా కాక యూనికోడ్ అక్షరములుగా నుంచవలెను. లేనిచో చూపులేనివారికై తెరను చదివి వినిపించు సాధనము వానిని చదువజాలదు. లాగలేని చేతులవారికై, మాటను తాకి పిదప పెట్టెను తాకు మార్గమును గూడ కల్పింపవలెను. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణము దీనిని విధించుచున్నది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన నియమము: పెట్టెలన్నియు ఒకే ప్రాతిపదికపై నుండవలెను. 19వ శతాబ్ది మధ్యమున చిన్నయసూరి బాలవ్యాకరణమున భాషను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగుగా విభజించెను. మొదటి మూడును మాట పుట్టుకను తెలుపును. నాలుగవది మాట మర్యాదను తెలుపును. ఈ నాలుగింటిని నాలుగు పెట్టెలుగా నుంచినచో, దేశ్యమై గ్రామ్యము గూడ నైన మాటను ఎచ్చట విడువవలెను? యంత్రము ఒక్క ఉత్తరమునే అంగీకరించును, రెండవదానిని తప్పనును.

ఇది తర్కదోషము మాత్రమే కాదు. రాయలసీమవారి ఎర్రగడ్డ, కోస్తావారి ఉల్లిపాయ, తెలంగాణమువారి ఉల్లిగడ్డ ఒకే వస్తువు. ‘ఒప్పు, తప్పు’ అను రెండు పెట్టెలనుంచి ఎర్రగడ్డను రెండవదానిలో వేయించినచో, అవ్వనోట నేర్చిన మాట తప్పని ఆ పిల్లవానికి యంత్రము తీర్పు చెప్పినట్లగును. ఇంటి మాట తప్పని తెలిసిన బిడ్డ ఇంట తెలుగు మాటలాడుట మానును. సరిహద్దులకావల మన భాష నిలుచుటకు ఆ ఇంటిమాట తప్ప వేరు ఆధారము లేనిచోట్లు పెక్కు గలవు. కావున పెట్టెలకు ‘ఏ సీమ మాట?’ అనియో, ‘వ్రాతలో, వాడుకలో’ అనియో పేరిడుట యుక్తము. నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, వాడుకభాషకై పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) మార్గమును మనకు ఇదియే గుర్తుచేయును.

ప్రశ్నను ప్రకటించుటకు ముందు వేర్వేరు ప్రాంతముల పెద్దలు ఇద్దరు ముగ్గురిచే పూరింపజేసి చూడుడు. ఒక మాటను గూర్చి వారు భేదపడినచో ఆ మాటను తొలగింపుడు, లేదా రెండు పెట్టెలయందును సరియైనదిగా గుర్తింపుడు. సాధనము కొత్తది, మాట మాత్రము మన పెద్దలది.