టీఎంసీల్లో కనిపించని గోదావరి

సారంగాపూర్‌కు ఉత్తరాన, కమ్మునూరు దగ్గర గోదావరి దాటితే కలమడుగు, జన్నారం, ఆ వెనక కవ్వాల్ అడవులు. ఎగువన శ్రీరాంసాగర్, దిగువన ఎల్లంపల్లి. రెంటి నడుమ నది ఇది. దీని నీళ్లకు లెక్క లేదనలేం. శ్రీరాంసాగర్‌లో నీళ్లు 1091 అడుగుల పూర్తి మట్టానికి ఎంత తక్కువగా ఉన్నాయో, ఎన్ని గేట్లు ఎత్తారో వానాకాలమంతా పేపర్లలో వస్తూనే ఉంటుంది. మంచిర్యాల దగ్గర కేంద్ర జలసంఘం ప్రవాహాన్ని కొలుస్తుంది. అయితే ఈ లెక్కలన్నీ పొలం కోసం, వరద హెచ్చరిక కోసం పుట్టినవి. ఏప్రిల్‌లో ఏ మడుగులో ఎంత లోతు మిగిలింది, అడుగున రాయా ఇసుకా బురదా, తెల్లవారుజామున ఆ నీళ్లలో ఆక్సిజన్ ఎంత అన్నది వాటిలో ఉండదు. నదిలో బతికే ప్రాణులకు కావలసింది ఈ రెండో లెక్క. నీళ్లు అడుగంటిన రోజుల్లో నదిలో దిగి కొలవకపోతే దాన్ని ఏ కంప్యూటర్ నమూనా కూడా చెప్పలేదు.

నమూనాకు కావలసిన కొలతలు వినడానికి తేలికైనవే. ఒడ్డు నుంచి ఒడ్డుకు తాడు కట్టి, దాని వెంట దగ్గర దగ్గరగా లోతు, వేగం, అడుగు స్వభావం రాసుకోవాలి. నీటి వేగం పైనా కిందా ఒకేలా ఉండదు. అందుకే లోతు తక్కువైతే పైనుంచి పదింట ఆరు వంతుల దగ్గర ఒకసారి, ఎక్కువైతే రెండు వంతుల దగ్గర, ఎనిమిది వంతుల దగ్గర కొలిచి సగటు తీస్తారు. ప్రవాహం మారినప్పుడల్లా అదే చోట మళ్లీ కొలుస్తారు. ఏ చేపకు ఎంత లోతు, ఎంత వేగం సరిపడుతుందో చెప్పే గ్రాఫులను దీనికి జోడిస్తే, ఇన్ని క్యూసెక్కులు వదిలితే ఆ చేపకు పనికొచ్చే చోటు ఎంతో తేలుతుంది. 1970ల చివర్లో అమెరికాలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. చిక్కంతా ఆ గ్రాఫుల దగ్గరే. చల్లని కొండవాగుల్లోని ట్రౌట్‌కు గీసిన గీత మన వాలుగకు పనికిరాదు. మన చేపల్ని మన నీళ్లలోనే చూడాలి. వల ఖాళీగా వచ్చిన చోటునూ రాసుకోవాలి, లేకపోతే మనుషులు వల వేసే చోట్లనే నమూనా చేపల ఇళ్లనుకుంటుంది. వేళ కూడా ముఖ్యమే. రాత్రంతా నాచూ చేపలూ సూక్ష్మజీవులూ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, వెలుతురు లేక కొత్తది తయారవదు. అది బాగా పడిపోయేది పొద్దు పొడవక ముందే. ఎండెక్కాక జీపు దిగి తీసిన అంకె ఆ గండాన్ని దాచేస్తుంది. కొర్రమీను కనిపించిందని మడుగు క్షేమమనుకోవడమూ తప్పే. మన రాష్ట్ర చేప పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది, రవ్వకు ఆ వెసులుబాటు లేదు.

ఉపగ్రహాలు, డ్రోన్లు ఉండగా ఇంత కష్టం దేనికి అనవచ్చు. నీటి వెడల్పును, ఇసుక మేటలను అవి చక్కగా చూపిస్తాయి. తాడు ఎక్కడ కట్టాలో ఎంచుకోవడానికి వాటిని తప్పక వాడాలి. మసక నీటి కింద రాళ్ల సందులు మాత్రం వాటికి అందవు. ఇంకో వాదనకు బలముంది: సగటు ప్రవాహంలో ఇంత శాతం వదలాలని నియమం పెడితే చాలదా? ఎగువ గంగకు 2018 అక్టోబరులో కేంద్రం అలాగే చేసింది. నెలవారీ సగటులో నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మేలలో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30. ఏ నియమమూ లేనిదానికన్నా అది ఎంతో మేలు. కానీ అవే నీళ్లు ఇరుకు పాయలో నడుము లోతు వస్తాయి, వెడల్పాటి ఇసుకలో చీలమండలు తడిపి ఊరుకుంటాయి. ఆ తేడా శాతాల్లో కనిపించదు. ఆనకట్టలు పడ్డాక కొలిచి ఏం లాభం అనే నిరాశతోనూ నేను ఏకీభవించను. గేటు మనిషి చేతిలో ఉంది కనుకనే ఎంత వదలాలన్న ప్రశ్నకు జవాబు కావాలి.

ఏ మడుగు ఎండదో గంగపుత్రులకూ ముదిరాజులకూ తెలుసు. ఆ మాటను కొట్టిపారేయకూడదు, పరీక్షించకుండా నమ్మకూడదు. వాళ్లు చెప్పిన మడుగులోనూ పక్కన చెప్పని చోటా అదే వల, అంతే సేపు వేస్తే తేలిపోతుంది. 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంలో ఎన్ని పిల్లలు వదిలారో లెక్క రాస్తారు. నదిలో తమంత తాము పుట్టే చేపలకూ అలాంటి లెక్క ఉండాలి. అదీ ఒక్కసారి రాసి వదిలేసేది కాదు, ఒక పెద్ద వరదో ఇసుక తవ్వకమో నది అడుగును మార్చేస్తుంది. కమ్మునూరుకూ ధర్మపురికీ మధ్య, ఎల్లంపల్లి వెనక నీళ్లు చేరని చోట్ల, రాళ్ల మీద పారే నీరు ఒకటి, లోతు మడుగు ఒకటి, ఇసుక పాయ ఒకటి ఎంచుకుని ఏటా ఏప్రిల్, మేలలో కొలవడం జగిత్యాల కాలేజీ విద్యార్థులకూ ఊరి మత్స్య సహకార సంఘాలకూ అందని పనేమీ కాదు. తాడు, కొలకర్ర, వేగం కొలిచే కరెంట్ మీటరు, ఆక్సిజన్ మీటరు, తెల్లవారక ముందే నీళ్లలో దిగే నలుగురు మనుషులు ఉంటే వచ్చే ఏప్రిల్‌లోనే మొదలుపెట్టవచ్చు.