అకామా అయిపోతే చేసిన పనికి జీతం కూడా పోతుందా?

గల్ఫ్‌లో మనవాళ్లకు పెద్ద భయం ఒక్కటే. కంపెనీ అకామా రెన్యువల్ చేయించదు, మనం ఖల్లివెల్లి అవుతాం. ఆ తర్వాత జీతం అడిగితే ‘నీకు కాగితాలే లేవు, జీతం ఎక్కడిది’ అంటారు. ఇది గల్ఫ్ బాధ మాత్రమే కాదు. యూరప్‌లోని ఐర్లాండ్‌లో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పాకిస్తాన్‌కు చెందిన ఒక తందూరీ వంటమనిషి 2002లో డబ్లిన్ వెళ్లి బంధువు హోటల్లో చేరాడు. పర్మిట్ ఒక్క ఏడాదికే ఉంది. దాన్ని పొడిగించాలని దరఖాస్తు చేయాల్సింది యజమాని. అది జరగలేదు. అయినా అతను ఏళ్ల తరబడి పని చేశాడు. వారమంతా పని చేయించుకుని చేతిఖర్చులు మాత్రమే ఇచ్చారని చివరికి ఫిర్యాదు చేశాడు. మైగ్రెంట్ రైట్స్ సెంటర్ ఐర్లాండ్ అనే సంస్థ అండగా నిలిచింది. 2011లో కార్మిక అధికారి అతనికి 90 వేల యూరోలకు పైగా ఇవ్వాలని తీర్పు చెప్పారు. అంటే మన లెక్కలో యాభై లక్షల రూపాయలకు పైమాటే.

గెలిచినా ఓడాడు

2012 ఆగస్టులో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పర్మిట్ లేకుండా పని చేయడం 2003 చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఆ ఉద్యోగ ఒప్పందమే చెల్లదు అని జస్టిస్ జెరార్డ్ హోగన్ అన్నారు. అయితే చట్టం చేసినవారు ఇలాంటి ఫలితాన్ని ఊహించి ఉండకపోవచ్చని, తీర్పు ప్రతిని పార్లమెంటుకూ మంత్రికీ పంపించారు.

దాంతో 2014లో చట్టం మారింది. పర్మిట్ కోసం తన వంతు ప్రయత్నం చేశానని చూపించగలిగిన కార్మికుడు బకాయి జీతం కోసం కోర్టుకెక్కవచ్చు. 2015 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా వంటమనిషి వైపే తీర్పు ఇచ్చింది. కానీ అది విధానపరమైన కారణం మీదే. పర్మిట్ లేని ఒప్పందం చెల్లుతుందా అన్న అసలు ప్రశ్న అక్కడ తేలలేదు.

యూరోపియన్ యూనియన్ 2009లోనే ఒక నిబంధన తెచ్చింది. కాగితాలు లేని కార్మికుడికైనా చేసిన పనికి జీతం కట్టాల్సిందే, ఎంతకాలం చేశాడో తేలకపోతే కనీసం మూడు నెలలు చేసినట్టు లెక్కించాలి. ఐర్లాండ్ అందులో చేరలేదు. ఐక్యరాజ్యసమితి 1990 ఒడంబడిక కూడా ఇదే హక్కు చెబుతుంది. దాన్ని ఐర్లాండ్, మన భారతదేశం, ఆరు గల్ఫ్ దేశాలు ఏవీ ఆమోదించలేదు.

మనం చేయగలిగింది

అందుకే సోదరులారా, మన ఆధారాలు మన దగ్గరే ఉండాలి. అకామా, కాంట్రాక్టు, జీతం చీటీల ఫోటోలు తీసి ఇంటికి పంపండి. రోజూ ఎన్ని గంటలు పని చేశారో డైరీలో రాయండి. రెన్యువల్ అడిగితే నోటిమాటగా వదలకండి, మెసేజ్ పెట్టి దాచుకోండి. గడువు దాటాక కాదు, దాటక ముందే ఎంబసీకి గానీ లేబర్ ఆఫీసుకు గానీ చెప్పండి. ‘నా ప్రయత్నం నేను చేశాను’ అని రేపు చూపించడానికి అవే సాక్ష్యం.