ఎక్కడి వాన, ఎక్కడి ఊట

రాయలసీమలోని కోయిలకుంట్ల పేరుతో ఒక రాయి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు శిలాసముదాయాన్ని కింది నుంచి పైకి ఇలా చెబుతారు: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ పైన నంద్యాల షేల్. పల్లెవెలుగు బస్సు బోర్డులా ఉండే ఈ వరుసకు పునాది 1872లో విలియం కింగ్ రాసిన గ్రంథం. ఆయన కుందేరు నది పేరు మీద కూడా ఒక శిలావర్గాన్ని పెట్టాడు.

ఈ రాళ్ల వరుస తెలిస్తేనే ఇక్కడి నీళ్ల సంగతి అర్థమవుతుంది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు. ఇది ఎడారి కాదు. కానీ కరువు సీమలో ఒకచోట అరటితోటలు కళకళలాడుతుంటే, కొద్ది దూరంలోనే బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. ఈ తేడా ఒయాసిస్సుల్లో కనిపించే తేడాయే. ఒయాసిస్సు అనగానే ఇసుక, ఒంటెలు, ఖర్జూర చెట్లు గుర్తొస్తాయి గానీ, అసలు అడగాల్సింది వేరే. ఆ ఊట నీళ్లు ఎక్కడ, ఎప్పుడు కురిసిన వానవి?

ఈజిప్టు పడమటి ఎడారిలో సివా అనే ఊరు ఉంది. సముద్రమట్టానికి సుమారు 18 మీటర్లు దిగువన ఉంటుంది. వాన దాదాపు లేదు. అయినా వందల ఊటలు, ఖర్జూర, ఆలివ్ తోటలు. ఆ నీళ్లకు మూలం ఈజిప్టు, లిబియా, సూడాన్, చాద్ దేశాల కింద పరుచుకున్న నూబియన్ ఇసుకరాతి పొరలు. సహారా పచ్చగా ఉన్న రోజుల్లో, వేల ఏళ్ల కిందట కురిసిన వాన అది. ఇప్పుడు తోడుకుంటున్నది ఆ పాత నిల్వనే.

మన దగ్గర దానికి జోడీ నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరంలోని మహానంది గుడి కోనేరు. అయితే ఇక్కడి నీళ్లకు అంత వయసు ఉండాల్సిన పని లేదు, పక్కనే నల్లమల ఉంది కదా. కొండ మీద కురిసిన వాన క్వార్ట్‌జైట్ నెర్రెల్లోకి దిగుతుంది. గట్టిరాయే అయినా మడతలు పడి పగిలి ఉంది కాబట్టి నీటికి దారి దొరుకుతుంది. నీటిని సులభంగా పోనివ్వని షేల్ పొర అడ్డం వచ్చినచోట పక్కకు మళ్లుతుంది. నల్లమల పడమటి అంచున శిలలు విరిగి ఒకదానిపైకి ఒకటి జరిగిన పెద్ద చీలిక ఉంది. ఆళ్లగడ్డ దగ్గరి రుద్రవరం పేరుతో దాన్ని రుద్రవరం గీత అంటారు. కొండ వాలు ముగిసి మైదానం మొదలయ్యే ఇలాంటి అంచుల్లోనే, పై నుంచి తోసుకొచ్చే ఒత్తిడికి నీరు పైకి పొంగుతుంది.

మహానంది కోనేటి లోతు సుమారు 5 అడుగులు. అడుగున గుండుసూది పడినా కనబడుతుందంటారు. నెర్రెల్లో నెమ్మదిగా నడిచి రావడంతో మట్టి వెనకే ఆగిపోతుంది, వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పారుతుంది కాబట్టి పాచి పట్టే తీరిక ఉండదు. ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండటం మహిమ అని భక్తులంటారు. లోతు నుంచి వచ్చే నీటి వేడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే. మారేది బయటి గాలి, దానికి అలవాటుపడ్డ మన ఒళ్లు. కోనేరు దాటిన నీళ్లు పొలాలకు పోతాయి. 2,000 ఎకరాల దాకా తడుస్తాయని లెక్క చెబుతారు. అందరూ గుడికి దండం పెడతారు, మంచిదే. ఆ దండంలో సగం నల్లమల అడవికి చెందాలని నా అభిప్రాయం. చెట్టూ ఆకుచెత్తా వాన పరుగును ఆపకపోతే నెర్రెల్లోకి దిగేది తగ్గుతుంది.

పడమటి వైపు కథ వేరు. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా తొలిచినవే. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. లోపల పాతాళగంగ అనే సెలయేరు కూడా ఉంది. సున్నపురాతి నేలలో నీరు అంతటా సమంగా ఉండదు, కరిగిన దారుల్లోనే ఉంటుంది. అందుకే ఒక బోరులో నీళ్లు, పది గజాల అవతల రాయి.

ఇల్లు కట్టుకోవడంలోనూ సివాకూ మనకూ ఒక పోలిక ఉంది, దాంట్లోనే ఒక తమాషా. సివావాళ్లు ఉప్పు పట్టిన మట్టి గడ్డలతో ఇళ్లు కట్టారు. 1926లో మూడు రోజులు వాన పట్టేసరికి షాలీ అనే వాళ్ల పాత కోట ఊరు కరిగి కూలింది. రాయలసీమ మట్టిమిద్దె మీద కూడా ఉప్పుమట్టే పోసేవాళ్లు, కానీ వాన దిగకుండా. దూలాలు, దంతెలు, వాటిపైన కట్టెలో బండలో, ఆపైన మట్టి, అన్నిటికీ మీద చౌడు. తొలకరికి ముందు కొత్త చౌడు పోసి చదును చేసేవాళ్లు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే అది బంకమట్టి రేణువులను విడదీస్తుంది, ఆ సన్నని రేణువులు సందుల్లో కూరుకుని నీటికి దారి మూసేస్తాయి. పొలంలో చౌడు తేలితే పైరు పోయిందని తలపట్టుకునే రైతు, అదే గుణం కోసం దాన్ని బండికెత్తి మిద్దెకెక్కించేవాడు.

ఇక కోయిలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ వైపు నల్లరేగడికి కోనేరూ అక్కర్లేదు. తడిస్తే ఉబ్బి, ఎండితే బెత్తెడు వెడల్పున నెర్రెలిచ్చే బంకమట్టి అది. సెప్టెంబరు దాకా కురిసిన వానను అడుగుల లోతున పట్టి ఉంచుతుంది. అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తితే వేరు ఆ తడిని వెతుక్కుంటూ దిగుతుంది. మళ్లీ చినుకు పడకున్నా ఫిబ్రవరి నాటికి చేతికొస్తుంది. అందుకే కరువుకు పేరుపడ్డ ఈ సీమలో, శనగ పూత మీద ఉండగా మబ్బు పట్టిందంటే రైతు వానను తిట్టుకుంటాడు. తడిస్తే పూత రాలిపోతుంది మరి.